సర్వే ముందా, ఇంటర్వ్యూలు ముందా?
చిత్తూరు తోతాపురి మామిడి రైతు కాయను పల్ప్ ఫ్యాక్టరీకి ఎందుకు వేస్తాడు, మండీకి ఎందుకు తోలుతాడు అన్నది మీ పరిశోధన ప్రశ్న అనుకోండి. రెండు పద్ధతులూ కలపాలి సరే, ఏది ముందు? సర్వేతో మొదలుపెడితే ఎంతమంది ఎటు వెళ్తున్నారో తేలుతుంది, ఆ అంకెల్లో వింతగా కనిపించినవాళ్లను, అంటే ధర తక్కువైనా ఫ్యాక్టరీకే వేసినవాళ్లను, ఏరి మరీ మాట్లాడించవచ్చు. చిక్కేమిటంటే ప్రశ్నపత్రం మీ ఊహతో రాసిందే. అప్పు, ఫ్యాక్టరీ దగ్గర టోకెన్ క్యూ, ట్రాక్టర్ బాడుగ లాంటివి అందులో లేకపోతే జవాబుల్లోనూ ఉండవు. ముందే బంగారుపాళ్యం వైపు నలుగురు రైతులతో నింపాదిగా మాట్లాడితే అవన్నీ బయటపడతాయి, వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాసుకోవచ్చు. కాకపోతే టైమ్ తింటుంది, కాయ సీజనేమో ముఖ్యంగా జూన్, జూలైలలోనే. పాత లెక్కలు చేతిలో ఉంటే మొదటిది చాలు. కొత్త విషయమైతే నా ఓటు రెండోదానికే, గైడ్ ఎంత తొందరపెట్టినా సరే.