రియాన్షా, ఋత్విక్కా? వంటింట్లోంచి ఒకసారి పిలిచి చూడండి

స్కూల్లో తెలుగు చెబుతానన్న పాపానికి, చుట్టాల్లో ఎవరింట్లో పురుడొచ్చినా పేరు కోసం ఫోన్ నాకే వస్తుంది. ఈ మధ్య ఆ ఫోన్లలో తరచూ వినబడుతున్న ప్రశ్న ఒకటే. “రియాన్ష్ పెట్టొచ్చా? అర్థం మంచిదేనా?”

మొన్న మా అక్క కూతురికి బాబు పుట్టాడు. చిత్త నాలుగో పాదం. చిత్తకి పే, పో, రా, రీ. అంటే వీడికి పడింది ‘రీ’. “పిన్నీ, ఆయన రియాన్ష్ అంటున్నారు, నాకేమో ఋత్విక్ ఇష్టం, నువ్వే తేల్చు” అంది. తేల్చడానికి కూర్చున్నాక అర్థమైంది, ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ నేను సగం జవాబే చెబుతూ వచ్చానని.

ముందు అర్థం సంగతి. ఫోన్లో వెతికితే రియాన్ష్‌కి రెండు అర్థాలు కనిపిస్తాయి: సూర్యుడి తొలి కిరణం, విష్ణువు అంశ. కిరణానికీ అంశకీ పొత్తేమిటని ఎవరూ అడగరు. సంస్కృతంలో అంశ అంటే భాగం, అంశు అంటే కిరణం. రెండూ వేర్వేరు మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చివరి అచ్చు కొట్టేస్తే రెండూ ఒకటే ‘ఆన్ష్’ అయి కూర్చుంటాయి. ఇక ఎవరికి ఏది నచ్చితే అది అర్థం.

హిమాంశు, సుధాంశు అంటే చంద్రుడు. చల్లని కిరణాలవాడు, అమృత కిరణాలవాడు. సహస్రాంశు విష్ణు సహస్రనామంలోనే ఉంది. ఈ పేర్లలో వెనక సగానికే కాదు, ముందు సగానికీ అర్థం ఉంది, మధ్యలో సవర్ణదీర్ఘ సంధి ఉంది. రియాన్ష్‌ని విడదీస్తే ‘రియ’ మిగులుతుంది. ఆ మాటకి సంస్కృతంలో నాకు అర్థం దొరకలేదు. ప్రియాంశు తల తీసేస్తే వచ్చే పేరు ఇది, లేదా శ్రియాంశ్‌లో ‘శ్’ ఊడిపోతే వచ్చేది. దీని తోబుట్టువు రేయాన్ష్ మీద నాకింకో అనుమానం కూడా ఉంది. ‘రే’ అంటే ఇంగ్లీషులో కిరణం కదా, ఆ వెలుగు అక్కణ్ణుంచే వచ్చిందేమో!

ఇలాంటి పేర్లు ఎందుకు పుడుతున్నాయో కనిపెట్టడం కష్టం కాదు. మొదటి అక్షరం నక్షత్రం చెబుతుంది. చివరి అక్షరాలు ఫ్యాషన్ చెబుతుంది: అబ్బాయికి ఆన్ష్, అమ్మాయికి విక. మధ్యలో ఖాళీని అమ్మానాన్నలు పూరిస్తారు. హన్విక, జశ్విక ఇలా పుట్టినవే. సహస్రనామంలో ‘రీ’తో మొదలయ్యే పేరు కోసం నేనూ ఒక సాయంత్రమంతా తిరగేశాను, దొరకలేదు. కాబట్టి ఆ నాన్న బాధ నాకు తెలుసు.

ఋత్విక్‌కి ఈ ఇబ్బంది లేదు. యజ్ఞం చేయించేవాడు ఋత్విక్కు. ఋగ్వేదం మొదటి మంత్రంలోనే ‘యజ్ఞస్య దేవమృత్విజమ్’ అని అగ్నిని పిలిచిన మాట. అర్థమొక్కటే చూసుకునేవాళ్ళకి పోటీ ఇక్కడితో అయిపోయింది, ఋత్విక్ పెట్టుకుని హాయిగా ఉండొచ్చు.

అందరికీ ఇంతవరకే చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. కానీ అర్థం అంత పెద్ద విషయమా? మన ఊళ్ళలో పెంటయ్యలు, పుల్లమ్మలు ఉండేవారు. పుట్టిన పిల్లలు దక్కక, ఈ ఒక్కటైనా దక్కాలని, బిడ్డని పెంట మీదో విస్తరాకులోనో ఉత్తుత్తిగా పారేసి తెచ్చుకుని అలాంటి పేరు పెట్టేవాళ్ళు. అర్థం ఎంత చెడ్డదైతే బిడ్డకి అంత రక్ష అనుకున్న తల్లులు వాళ్ళు. అర్థం గొప్పగా ఉండాలన్న పట్టింపు మనకి మరీ పాతదేం కాదు.

నా మటుకు నాకు తేల్చేది పిలుపు. పేరు రాసేది ఏడాదికి నాలుగుసార్లు, పిలిచేది రోజుకి నలభైసార్లు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే, వాడు వీధి గుమ్మం దాటబోతుంటే, వంటింట్లోంచి ఒక్క కేక వేయాలి. ఆ కేకలో పేరు ఏమవుతుందన్నదే అసలు పరీక్ష.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు, ‘బస్సు’, ‘కారు’ అని మనమే తగిలించుకుంటాం. దూరం నుంచి పిలిచేటప్పుడు ఆ చివరి అచ్చునే సాగదీస్తాం. రాముడూ, సీతా అని. రియాన్ష్‌లో సాగదీయడానికి ఏముంది? ‘న్ష్’ దగ్గర గాలి బయటికి పోతుంది, కేక ఆగిపోతుంది.

మా మూడో తరగతిలో ఒక రియాన్ష్, ఒక శ్రియాన్ష్, ఒక దివ్యాన్ష్ ఉన్నారు. గ్రౌండ్ అవతలి నుంచి పిలిస్తే ముగ్గురూ తిరిగి చూస్తారు, లేదంటే ఎవరూ చూడరు. దూరానికి వినబడేది ‘యా’ ఒక్కటే మరి. పైగా రియాన్ష్‌ని తోటి పిల్లలు కుదించి ‘రియా’ అంటారు. అదే క్లాసులో రియా అనే అమ్మాయి ఉంది. మొదటి వారంలో వాడు రెండుసార్లు ఏడ్చాడు.

ఋత్విక్ కూడా హల్లుతోనే ఆగుతుంది కదా అంటారేమో. ఆగుతుంది. కానీ ‘క్’ గట్టి హల్లు, తెలుగు నోరు దాన్ని ఇట్టే ద్విత్వం చేసి ‘రుత్విక్కూ’ అనేస్తుంది. ముద్దుకి రుత్తూ, విక్కీ. కేకకి పనికొస్తుంది. పాలు పొంగకుండా చూసుకోవచ్చు.

దీనికీ ఒక చిక్కుంది, దాచను. ‘ఋ’ని మనవైపు ఎక్కువమంది ‘రు’ అంటారు, హిందీవాళ్ళు ‘రి’ అంటారు. ‘రూ’ స్వాతి మొదటి పాదం, ‘రీ’ చిత్త నాలుగో పాదం. అంటే ఈ పిల్లవాడి పేరు ఢిల్లీలో పలికితే నక్షత్రానికి కుదురుతుంది, రాజమండ్రిలో పలికితే పక్క నక్షత్రంలోకి జారిపోతుంది. మా పురోహితుడు గారిని అడిగితే నవ్వి, “రెండూ తులా రాశే కదమ్మా, రాశి అక్షరం చాలు” అన్నారు. చాలామంది పంతుళ్ళు ఈ మాత్రం సడలింపు ఇస్తారు, అడిగి చూడండి.

రెండో చిక్కు స్పెల్లింగు. ఋత్విక్‌ని ఇంగ్లీషులో ఆరు రకాలుగా రాసినవాళ్ళని నేనే చూశాను. రియాన్ష్‌కీ మూడు నాలుగు ఉన్నాయి, అదనంగా తెలుగులో కూడా గొడవే. ఆధార్ కార్డు మీద తెలుగులోనూ పేరు పడుతుంది. అక్కడ రియాన్ష్, రియాంష్, రియాంశ్ అని తలా ఒక రకం. పెడితే కనీసం తాలవ్య ‘శ’తో రియాంశ్ అని రాయించండి. అంశకైనా అంశువుకైనా ఉండేది ఆ ‘శ’యే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి స్కూలు అడ్మిషన్ నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం, కాబట్టి అందులో పడ్డ అక్షరమే పిల్లాడితో నడుస్తుంది. తొందర మాత్రం లేదు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు ఖాళీగా వదిలేసి ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ ఏడాదీ పిలిచి చూసుకోండి.

మిగతా దారులు కూడా అడుగుతుంటారు. అమ్మానాన్నల పేర్లు కలిపి కుట్టడం ఒకటి. అల్లు అర్జున్ దంపతులు అర్జున్‌లో ‘అర్’, స్నేహలో ‘హ’ తీసుకుని అర్హ అని పెట్టారు. అది అదృష్టవశాత్తు అసలైన సంస్కృత మాట కూడా అయింది, సహస్రనామంలో ఉంది. మన పేర్లకి అంత అదృష్టం పట్టదు. లలితా సహస్రనామంలోంచి ఎవరూ పెట్టని పేరు ఏరుకోవడం ఇంకొకటి. 2023లో రామ్ చరణ్, ఉపాసనల పాపకి క్లింకార అని అలాగే పెట్టారు. బాగుంది గానీ ‘క్లిం’తో మొదలయ్యే కేక మీ అత్తగారి చేత వేయించి చూడండి. సంఖ్యాశాస్త్రం కోసం అదనపు అక్షరాలు ఇరికించడం గురించి నాకు చెప్పేదేం లేదు. తాతగారి పేరంటారా, తాతగారు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ పేరు పెట్టి మనవణ్ణి తిట్టడం కోడళ్ళకి కుదరదు.

నా ఓటు ఋత్విక్‌కే అని అక్క కూతురికి చెప్పేశాను. ఇరవై ఒకటో రోజు బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లాడి నాన్న ఉంగరం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసింది రియాన్ష్. ‘న్ష్’ దగ్గరికి వచ్చేసరికి ఒత్తుకి చోటు చాలలేదు. పైన పొల్లు పెడుతుంటే కింది షకారంలోకి బియ్యం జారి, గీత పూడిపోయింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ పూడింది. పంతులుగారు ఓపిగ్గా చూసి, సంకల్పంలో “రియాంశు నామధేయస్య” అని చదివేశారు.

అప్పటికే మా అక్క ఉయ్యాల దగ్గర “రియాంశూ, రియాంశూ” అంటోంది. ఎవరూ నేర్పలేదు, ఆవిడ నోటికి చివర ‘ఉ’ లేకపోతే తోచదంతే. ఆ ‘ఉ’ చేరితేనే కిరణం అవుతుందని, ఫోన్ చెప్పిన అర్థం ఆ పేరుకి సగమైనా దక్కిందంటే అది అమ్మమ్మ వల్లేనని పిల్లాడి నాన్నకి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. మా అక్క కూతురు నావైపు గుర్రుగా చూసింది. సర్టిఫికెట్లో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది, పదకొండు నెలలు టైముంది.