సగం ధరకు మెకాంకీ బ్రాత్ ఇస్తామంటే తీసుకోకండి

మా ల్యాబులో తాగే నీళ్ళలో కోలిఫాం (మురుగు కలిసిందని సూచించే బాక్టీరియా) ఉందేమో చూడటానికి మెకాంకీ బ్రాత్ అనే పౌడర్ వాడతాం; నీళ్ళలో కలిపితే బాక్టీరియా పెరిగే ద్రవం అవుతుంది. పోయిన నెల ఎప్పుడూ కొనే చోట స్టాక్ లేదన్నారు. ఇంకో డీలర్ అర కిలో మెకాంకీ బ్రాత్ డబ్బా దాదాపు సగం ధరకే ఇస్తానంటే తీసుకున్నాను. మూడు వారాల పాటు వచ్చిన శాంపిల్ వచ్చినట్టే నెగెటివ్. కోలిఫాం ఉంటే తిరగాల్సిన ఊదా రంగు పసుపుకు తిరగలేదు, లోపలి డర్హమ్ ట్యూబులో (గ్యాస్ పట్టే చిన్న ట్యూబు) ఒక్క బుడగ లేదు. వానలు మొదలయ్యాక ఇన్ని బోర్లు ఇంత శుభ్రంగా ఉంటాయా అని అప్పుడు అనుమానం వచ్చింది.

గేదెలు దిగే కాలవ నుంచి ఒక సీసా నీళ్ళు తెచ్చాను. అవే నీళ్ళు మూడు మీడియాల్లో (బాక్టీరియాను పెంచే ఆహారాల్లో) పెట్టాను: ఈ కొత్త మెకాంకీ, మా పాత డబ్బాలోని లారిల్ ట్రిప్టోస్ బ్రాత్, క్రోమోజెనిక్ అగార్ (బాక్టీరియా రకాన్ని బట్టి కాలనీలకు వేర్వేరు రంగులు వచ్చే ప్లేటు). ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే పాత్ర) ఒకటే, ఇంక్యుబేటర్ ఒకటే, 37 డిగ్రీలు. మర్నాటికి లారిల్ ట్యూబులన్నీ మసకబారి, చిన్న ట్యూబుల నిండా గ్యాస్. క్రోమోజెనిక్ ప్లేటు మీద ముదురు నీలం కాలనీలు, అంటే ఈ.కోలి (మలంలో ఉండే కోలిఫాం), వాటి మధ్య గులాబీ రంగువి, అంటే మిగతా కోలిఫాంలు. లెక్కపెట్టలేనన్ని. మెకాంకీ మాత్రం 48 గంటలు దాటినా పోసింది పోసినట్టే ఉంది.

డబ్బా తీసి పౌడర్ కాగితం మీద పోసి చూశాను. పొడిపొడిగా రాలాల్సింది తడి తగిలిన ఉప్పులా గడ్డలు కట్టింది. లేబుల్ అంచు గోటితో గీకితే కింద ఇంకో లేబుల్. దాని మీద గడువు ఎప్పుడో రెండేళ్ళ కిందటే అయిపోయింది.

తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి ఒక్కటి కూడా కనపడకూడదు. మీడియా చచ్చిపోయి ఉంటే ఏ నీళ్ళయినా పాసే. అందుకే కొత్త లాట్ (ఒకే దఫాలో తయారైన సరుకు) రాగానే మీడియా పోసిన ఒక ట్యూబులో ఈ.కోలి ఏటీసీసీ 25922 (పరీక్షకు వాడే ప్రామాణిక కల్చర్) వేయండి, ఇంకో దాంట్లో మీడియా తప్ప ఏమీ వేయకుండా పెట్టండి. మొదటిది మారాలి, రెండోది మారకూడదు. కల్చర్ లేకపోతే కనీసం మురుగు నీళ్ళయినా వేసి చూడండి. లాట్ నంబరుతో సర్టిఫికెట్ ఇవ్వనంటే ఆ డబ్బా తీసుకోవద్దు.

అదే డీలర్ నల్లబడే హెచ్.టు.ఎస్. సీసాలను 'కోలిఫాం కిట్' అని అమ్ముతున్నాడు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టించే బాక్టీరియాను చూపిస్తుంది. ఊళ్ళో త్వరగా ఓ అంచనాకు రావడానికి పనికొస్తుంది గానీ, ఈ.కోలి మామూలుగా ఆ గ్యాస్ పుట్టించదు. సీసా నల్లబడలేదు కాబట్టి కోలిఫాం లేదని రిపోర్టు రాసేయకండి.

డీలర్ డబ్బు వాపసు ఇస్తానన్నాడు. నేను మాత్రం ఆ మూడు వారాల్లో రిపోర్టు తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మళ్ళీ శాంపిల్ తెప్పించి లారిల్‌లో పెట్టాను. రెండు బోర్లకు గ్యాస్ వచ్చింది. అందులో ఒకటి బడిది. ఆ రోజే కుళాయి మూయించి, క్లోరిన్ వేయించాం. రేపు మళ్ళీ శాంపిల్ తీస్తున్నాం.