ఉషేగావ్‌లో డోక్రా నేర్చుకోవాలంటే ఒక రాత్రి ఉండాల్సిందే

మైనంతో బొమ్మ కట్టి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి ఆ ఖాళీలో ఇత్తడి పోయడమే డోక్రా. అలాంటి బొమ్మను సొంత చేతులతో చేసి చూడాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొద్దామనే లెక్కతో ఉషేగావ్ వెళ్లకండి. మైనంతో బొమ్మ కట్టడం ఒక పూట పనే. కానీ దాని మీద పూసిన మట్టి ఆరాలి. తడి ఉన్న అచ్చులో కరిగిన ఇత్తడి పోస్తే నీరు ఆవిరై ఆ అచ్చు పగిలిపోతుంది, ఇత్తడి ఎగిరి మీద పడుతుంది. అందుకే ఆరడం దగ్గర ఎవరూ తొందరపడరు. నగరాల్లో ఒక్కరోజు వర్క్‌షాప్ పేరుతో డబ్బు కట్టించుకునేచోట ఈ భాగమే ఉండదు. మేము కట్టిన ఒకదాంట్లో తయారుగా ఉన్న మైనం బొమ్మకు రెండు చుక్కలు అంటించి ఫోటో దిగమన్నారు, అంతే. మా మేనకోడలు ఆ రోజంతా ముభావంగా ఉంది. "మామా, కరిగించేది చూపించలేదు" అని తను అన్న తర్వాతే ఉషేగావ్ ప్రయాణం తేలింది.

ఉషేగావ్ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. ఈ పని చేసేవాళ్లు ఓజాలు. పక్క కెరమెరి మండలంలోని కేస్లాగూడలోనూ ఓజా కుటుంబాలున్నాయి. తరాలుగా గోండులకు కావాల్సిన దేవుళ్ల ప్రతిమలు, గంటలు, గజ్జెలు, పండుగల్లో వాడే ఇత్తడి సామాను చేసేది వీళ్లే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెమళ్లు, ఏనుగులు ఇప్పుడు ఎంపోరియాల్లో దొరుకుతాయి గానీ, పని చేతికి తెలియాలంటే అక్కడికి పోవాల్సిందే.

వరంగల్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు రైలు మేలు. కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ రోడ్ వస్తుంది. పేరు చూసి దిగగానే ఊరు ఉంటుందనుకోవద్దు. ఆ స్టేషన్ ఉన్నది రెబ్బెనలో, ఆసిఫాబాద్ పట్టణం అక్కణ్నుంచి ఇంకా చాలా దూరం. చీకటి పడ్డాక ఆటో దొరికినా వాళ్లు అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు వెలుతురుండగా దిగేలా చూసుకోండి. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు కెరమెరి, జైనూరు మీదుగా ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. కెరమెరి ఘాట్‌లో మలుపులు చాలా ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లలో కూర్చోండి. టేకు అడవిలో ఆ దారి అందం వేరు. నాకు తెలిసి ఉత్తర తెలంగాణలో బస్సు కిటికీ పక్కన కూర్చుని చూడాల్సిన దారుల్లో ఇదొకటి.

బస విషయంలో మూడు చోట్లు పోల్చుకున్నాం. మంచిర్యాలలో హోటళ్లు బాగుంటాయి, కానీ అక్కణ్నుంచి రోజూ జైనూరు వెళ్లిరావడం అలసట. జన్నారంలో పర్యాటక శాఖ రిసార్ట్ ఉంది, కవ్వాల్ పులుల అభయారణ్యం పక్కనే. అడవి చూడాలనుకుంటే అదే సరైన చోటు, డోక్రాకు మాత్రం అదీ దూరమే. ఆసిఫాబాద్‌లో ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఉంటాయని ఫోన్‌లో చెప్పి, తీరా పొద్దున గీజర్ పనిచేయట్లేదన్నారు. డిసెంబర్ చలిలో అది చిన్న విషయం కాదు. జైనూరు పక్కనే ఉన్న సిర్పూర్(యు)లో చలికాలం రాత్రి ఉష్ణోగ్రతలు పది డిగ్రీల కిందికి పడిపోతాయి, వార్తల్లో చూసే ఉంటారు. రెండో రాత్రి ఉషేగావ్‌లోనే, మాకు పని నేర్పిన దాదా వాళ్లింట్లో పడుకున్నాం. ముందు రోజు ఫోన్‌లో అడిగితే, "మా ఇల్లు చిన్నది సార్, చలికి ఓర్చుకుంటే రండి" అన్నాడు. కంబళ్లు మేమే తీసుకెళ్లాం. రాత్రి జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు. ఆ ఇంట్లో ఉండబట్టే అచ్చు ఎలా ఆరుతోందో రాత్రి లేచి చూడగలిగాం. మళ్లీ వెళ్తే నేను లాడ్జి వైపు వెళ్లను.

ఇక అసలు పని.

లోపలి మట్టిముద్దను వాళ్లే ముందుగా చేసి ఆరబెట్టి ఉంచారు. పుట్టమన్నులో ఊక, పేడ కలిపి పిసికి, బొమ్మ ఆకారానికి కాస్త చిన్నగా చేస్తారు. మా మేనకోడలు నెమలిని ఎంచుకుంది. తర్వాత మైనం. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కరిగించి వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు జంతికల గొట్టంలాంటి దాంట్లోంచి వత్తి సన్నని దారాలుగా తీస్తారు. ఈ దారాన్ని మట్టిముద్ద చుట్టూ ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో సందు లేకుండా చుట్టాలి. డోక్రా బొమ్మ మీద కనిపించే గీతలన్నీ ఈ మైనం దారాలే. చలికి దారం పెళుసై విరుగుతుంటే పక్కన నిప్పుల కుంపటి పెట్టారు. ఎక్కువసేపు కుంపటి దగ్గరుంటే మెత్తబడి చేతికి అంటుకుంటుంది. దాదా భార్య అమ్మాయి వేళ్లు పట్టుకుని, "బిడ్డా, వత్తకు, ఆనించు" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో చెయ్యి కుదిరింది. అంతవరకూ దారం చదునై గీత పోతూ ఉండేది.

కళ్లు, ముక్కు, ఈకలు కూడా మైనమే. అన్నీ అయ్యాక ఇత్తడి లోపలికి పోవడానికి ఒక దారి, గాలి బయటికి రావడానికి ఇంకోటి మైనంతోనే పెడతారు. ఈ రెండోదాన్ని నేను మొదట గమనించలేదు, తర్వాత దాని విలువ బాగా తెలిసింది. ఆపైన మెత్తని జల్లెడ మట్టిని పల్చగా, మైనం గీతల్లోకి దిగేలా పూస్తారు. అది ఆరాక గరుకు మట్టి మందంగా. మొదటి పూత నీడలో ఆరాలి. ఎండలో పెడితే మైనం కరిగి మట్టి నెర్రెలిస్తుంది.

మైనాన్ని ముందే తూచి పెట్టుకోవడం నాకు బాగా నచ్చిన విషయం. మైనం ఉన్న చోటంతా ఇత్తడి నిండాలి. ఇత్తడి మైనం కంటే దాదాపు తొమ్మిది రెట్లు బరువు. వంద గ్రాముల మైనం పడితే తొమ్మిది వందల గ్రాముల ఇత్తడి, దానికి తోడు పోసే దారికి ఇంకొంచెం. చదువుకోని లెక్క అని ఎవరైనా అంటే ఈ తూకం చూపించాలి. ఇదే పద్ధతిలో పోసిన మొహెంజోదారో నాట్యకత్తె కంచుబొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మను చూసిన అమ్మాయికి, అది ఎలా తయారైందో ఇక్కడ చేతికి తెలిసింది.

పోత మరుసటి రోజు మధ్యాహ్నం తర్వాత. పాత ఇత్తడి ముక్కల్ని మూసలో వేసి బొగ్గుల కొలిమిలో పెట్టి గాలి ఊదారు. ఇత్తడి కరగడానికి తొమ్మిది వందల డిగ్రీలు దాటాలి. కరిగేటప్పుడు దాంట్లోని జింకు మండి ఆకుపచ్చటి మంట, తెల్లటి పొగ వస్తాయి. ఆ పొగ పీల్చకూడదు. గాలి వచ్చే వైపు నిలబడమని దాదా గట్టిగా చెప్పాడు, పిల్లను కొలిమి దగ్గరికి రానివ్వలేదు. నన్నూ పోయనివ్వలేదు. అది సరైన పని. మీకు పట్టకారు ఇచ్చి పోయమనేవాళ్లెవరైనా ఉంటే అక్కడ పోయకండి. మరో పక్క అచ్చును తలకిందులుగా కాల్చి మైనమంతా కార్చేశారు. ఎర్రగా కాలిన అచ్చును నోరు పైకి ఉండేలా మట్టిలో నిలిపి, ఇత్తడిని ఒకే ధారగా పోశారు. ధార మధ్యలో ఆగితే అక్కడ అతుకు పడుతుందట. పది క్షణాల పని. అంతసేపూ ఎవరూ మాట్లాడలేదు.

చల్లారాక సుత్తితో మట్టి పగలగొట్టారు. నల్లటి నెమలి బయటికొచ్చింది, ఒక కాలు సగమే ఉంది. గాలి దారి మూసుకుపోయి ఇత్తడి అక్కడికి చేరలేదని దాదా చూడగానే చెప్పాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆయన ఆ కాలి దగ్గర మళ్లీ మైనం పెట్టి, మట్టి పూసి, "ఇంకోపారి పోస్త, ఏం కాదు" అన్నాడు. అది ఆరడానికి మాకు టైం లేదు. బొమ్మను అక్కడే వదిలి వచ్చాం. జైనూరు వచ్చే బంధువుల చేతికిచ్చి, అక్కణ్నుంచి పార్సిల్ పంపించారు. అతికించిన చోటు ఎక్కడో వెతికినా నాకు దొరకలేదు.

ఫీజు సంగతి. ఇక్కడ బోర్డు పెట్టి క్లాసులు చెప్పే పద్ధతి లేదు, రేటు కార్డూ లేదు. మేము ఇద్దరు పనివాళ్ల కూలి, మైనం, ఇత్తడి, బొగ్గులు, భోజనం విడివిడిగా లెక్కగట్టి ఇచ్చాం. బొమ్మ ధర మాత్రమే ఇచ్చి రావడం అన్యాయం. మనకు నేర్పినంతసేపూ వాళ్ల సొంత పని ఆగిపోతుంది. నేర్పే తీరులో వాళ్లకు నేను నూటికి నూరు మార్కులిస్తాను. ప్రతి ప్రశ్నకూ చేసి చూపించి జవాబు చెప్పారు. వాళ్లలో వాళ్లు గోండి, మరాఠీ కలిపి మాట్లాడుకున్నా మాతో తెలుగే. ఇబ్బంది ఒక్కటే, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, నగదు తీసుకెళ్లాలి.

పక్కన చూడాల్సినవి రెండు. అదే మండలంలో మర్లవాయి ఉంది. కుమురం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం తరఫున వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతులు అక్కడే ఉండి పనిచేశారు, వాళ్ల సమాధులూ అక్కడే. గోండుల గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు ఊరు కూడా అదే. రెండోది కెరమెరి మండలంలోని జోడేఘాట్, భీం వీరమరణం పొందిన చోటు, మ్యూజియం ఉంది. తిరుగు ప్రయాణం ఉట్నూరు మీదుగా పెట్టుకుంటే అక్కడి ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోవచ్చు.

ఒక్కరోజే తీరికుంటే వరంగల్‌వాళ్లకు జనగామ పక్కన పెంబర్తి దగ్గర. అది వేరే పని, ఇత్తడి రేకును లక్క మీద పెట్టి ఉలితో కొట్టడం. పోత ఉండదు కాబట్టి ఆరే బాధ లేదు, చిన్నపిల్లలకూ పర్వాలేదు. చేర్యాలలో కొబ్బరి చిప్పల ముసుగులు, నకాశీ రంగులు కూడా పూటలో రుచి చూపిస్తాయి. నిప్పు చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఉషేగావే.

వానాకాలం వద్దు, మట్టి ఆరదు. ఎండాకాలం మైనం నిలవదు, కొలిమి దగ్గర ఉండలేం. దీపావళి ముందు గోండుల దండారి పండుగ రోజుల్లో వాళ్లకు సొంత పనులుంటాయి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. వారం ముందే ఫోన్ చేసి ఏ బొమ్మ కావాలో చెప్పండి, మట్టిముద్ద ఆరబెట్టి ఉంచుతారు. ఇత్తడి కొనడానికి కొంత డబ్బు కూడా అప్పుడే పంపించండి.