ఒక నేత కార్మికురాలి కుటుంబం, పదేళ్లకొక రాత్రి: విక్టోరియా కాలపు జనాభా లెక్కల పత్రాలపై సమీక్ష

ఇంగ్లండ్, వేల్స్ దేశాల పాత జనాభా లెక్కల పత్రాలను చాలా ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇన్నేళ్లూ నేను ముఖ్యంగా వెతికినది ఒక్క కుటుంబాన్నే. మా అత్తగారి ముత్తవ్వ లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణంలో మరమగ్గాల మిల్లులో నేత పని చేసిన మనిషి. ఆమెకు ఆస్తి లేదు, వీలునామా లేదు, ఆమె పేరు పత్రికల్లో ఎక్కలేదు. చదవడం, రాయడం రాదు గనుక ఉత్తరాలు కూడా మిగల్లేదు. అలాంటి మనిషి తన కుటుంబంతో కలిసి కనిపించేది పదేళ్లకొకసారి, ఒక రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసుకున్న ఈ లెక్కల్లో మాత్రమే. నా అభిప్రాయం ముందే చెబుతాను. రెక్కల కష్టం మీద బతికిన కుటుంబాలకు దీనికి మించిన ఆధారం లేదు. అయితే దీన్ని పేర్ల జాబితాగా చదివినవారికి సగమే దక్కుతుంది. ఇంటిని, వీధిని, అన్నిటికంటే ముఖ్యంగా రెండు గణనల మధ్య ఉన్న ఖాళీని కలిపి చదివినప్పుడే కుటుంబం కుటుంబంగా బయటపడుతుంది.

ముందుగా మన చేతికి వచ్చే కాగితం ఏమిటో తెలుసుకోవాలి. 1841 నుంచి 1901 వరకు ఇంటింటికీ ఇచ్చిన అసలు పత్రాలు దాదాపుగా మిగల్లేదు. ఎన్యూమరేటర్, అంటే ఇంటింటికీ తిరిగి లెక్కలు సేకరించే ఉద్యోగి, వాటిని తెచ్చుకుని తన పుస్తకంలోకి ఎక్కించిన నకలునే మనం చూస్తున్నాం. ఇంట్లో ఎవరికీ చదువు రాకపోతే వాళ్లు నోటితో చెప్పినది విని ఎన్యూమరేటరే పత్రం నింపేవాడు. అంటే ముత్తవ్వ పుట్టిన ఊరి పేరు ఆమె నోటి నుంచి ఆయన చెవికి, అక్కడి నుంచి పత్రానికి, పత్రం నుంచి పుస్తకానికి, ఈ కాలంలో ఆ పుస్తకం నుంచి కంప్యూటర్ సూచికకు చేరింది. ఆ పైన లండన్‌లో లెక్కలు కూడిన గుమాస్తాలు వయసుల మీద, వృత్తుల మీద గీతలు కొట్టుకుంటూ పోయారు కాబట్టి మనకు కావలసిన అంకె సరిగ్గా ఆ గీత కిందే ఉండడం మామూలే. అందువల్ల సూచికలో దొరికినదానితో సరిపెట్టుకోకుండా ప్రతిసారీ అసలు పుట బొమ్మను తెరిచి చూడాలని గట్టిగా చెబుతాను.

ఏ సంవత్సరపు గణన ఎంత పనికొస్తుందన్న విషయంలో చాలా తేడా ఉంది. 1841 జూన్ 6 నాటి లెక్క అన్నిటికన్నా బలహీనమైనది. పదిహేనేళ్లు దాటినవారి వయసును దాని కిందనున్న ఐదు గుణిజానికి (15, 20, 25...) తగ్గించి రాయమన్నారు గనుక అందులో 20 అని ఉంటే 20 నుంచి 24 వరకు ఏదైనా కావచ్చు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఉండదు. పుట్టింది అదే కౌంటీలోనా కాదా అన్నంత వరకే ఉంటుంది. 1851 నుంచి ఇంటి యజమానితో బంధుత్వం, వివాహ స్థితి, ఉన్న వయసు, పుట్టిన ఊరు వచ్చాయి. కుటుంబ చరిత్ర నిజానికి అక్కడ మొదలవుతుంది. 1891లో ఐదు గదుల కన్నా తక్కువ ఉన్న ఇళ్లకు గదుల సంఖ్య రాశారు. మా వాళ్లు ఆ ఏడు నాలుగు గదుల్లో ఎనిమిది మంది ఉన్నారు, అందులో ఇద్దరు అద్దెకు దిగిన పరాయివాళ్లు.

ముత్తవ్వ 1851లో తొమ్మిదేళ్ల పిల్లగా ఒక ఇంట్లో కనిపిస్తుంది. బంధుత్వం గడిలో 'డాటర్ ఇన్ లా' అని ఉంది. మనవాళ్లు ఎవరైనా ఆ పుట చూస్తే బాల్యవివాహం జరిగి కోడలిగా వచ్చిన పిల్ల అనుకుంటారు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో భార్యకు ముందు పెళ్లి వల్ల కలిగిన బిడ్డను కూడా అలాగే రాసేవారు. అంటే ఆమె తండ్రి పోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, ఇంటి యజమాని ఆమెకు మారుతండ్రి. ఈ ఒక్క గడి అర్థం కాకపోతే మిగతా కథంతా మూసుకుపోతుంది, ఎందుకంటే 1861 గణనలో ఆమెను మారుతండ్రి ఇంటిపేరుతోనే రాశారు. అసలు ఇంటిపేరు 1863 నాటి పెళ్లి ధ్రువపత్రంలో తేలింది. అందులో ఆమె సంతకం చేయవలసిన చోట ఇంటూ గుర్తు ఉంది. తండ్రి కాలం చేసినట్టు, ఆయన వృత్తి చేతిమగ్గం నేత అని రాసి ఉంది. తండ్రిది ఇంట్లో చేనేత, కూతురిది మిల్లులో మరమగ్గం. మన చేనేత కుటుంబాల్లో పుట్టినవారికి ఈ రెండు మాటల మధ్య ఎంత జీవితం నలిగిపోయిందో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తొమ్మిదేళ్ల పిల్ల వృత్తి గడిలో సగం పూట మిల్లు పని, సగం పూట బడి అన్న అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం ఎనిమిదేళ్ల పిల్లలను బట్టల మిల్లుల్లో పనికి పెట్టుకోనిచ్చింది. పదమూడేళ్లు వచ్చేదాకా రోజులో కొంత భాగం బడికి పంపాలని నియమం పెట్టింది. ఈ సగం పూట పద్ధతిని రద్దు చేయడానికి 1918 విద్యా చట్టం రావలసి వచ్చింది. చట్టం గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు. కానీ మన ఇంటి మనిషి పేరు పక్కన, ఆ వయసు పక్కన దాన్ని చూడడం వేరు. మా అత్తగారు ఆ పుటను చాలాసేపు చూశారు.

పుట్టిన ఊరి గడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ముత్తవ్వ పుట్టిన ఊరు 1851లోను, 1871లోను వాల్టన్ లె డేల్ అని ఉంది. అది రిబుల్ నదికి అవతలి ఒడ్డున ప్రెస్టన్‌ను ఆనుకుని ఉన్న ఊరు. 1861లో ప్రెస్టన్ అని రాశారు. 1881లో వట్టి వాల్టన్ అని మాత్రమే ఉంది. లివర్‌పూల్ దగ్గర ఇంకో వాల్టన్ ఉండడం వల్ల అక్కడ పుట్టిన వేరే స్త్రీని తెచ్చి ఈ కుటుంబానికి అతికించడం చాలా సులువు. వయసూ అంతే, నాలుగు గణనల్లో వరుసగా 9, 19, 28, 37 అని ఉంది. పదేళ్లు గడిస్తే తొమ్మిదేళ్లే పెరిగిన వయసులు ఈ పత్రాల్లో కొల్లలుగా కనిపిస్తాయి. వీటిని అబద్ధాలుగా చూడకూడదు. పుట్టిన రోజు పండుగగా జరుపుకోని ఇళ్లలో, పత్రం నింపేది భర్తో పక్కింటివారో అయినప్పుడు, అంకె అటూ ఇటూ కదలడం సహజం. ఒక్క గణనను పట్టుకుని పుట్టిన సంవత్సరం తేల్చకుండా, అన్నిటినీ వరుసగా పెట్టి రెండు మూడేళ్ల తేడాను ఒప్పుకుని ముందుకు వెళ్లడమే సరైన పద్ధతి.

1861 గణన జరిగింది ఏప్రిల్ 7న. అమెరికాలో ఫోర్ట్ సమ్టర్ కోట మీద కాల్పులతో అంతర్యుద్ధం మొదలైంది ఏప్రిల్ 12న. ఆ యుద్ధం వల్ల దక్షిణ రాష్ట్రాల పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. లక్షలాది మంది పని పోగొట్టుకుని దానధర్మాల మీద, పేదల సహాయ నిధుల మీద ఆధారపడ్డారు. మన దేశపు పత్తిని 'సూరత్' అన్న పేరుతో దిగుమతి చేసుకున్నారు గాని దాని పీచు పొట్టిది, పోగు మాటిమాటికీ తెగేది, దానితో నేసేవారికి కూలి తగ్గిపోయేది. ఇంత పెద్ద ఉపద్రవం మొత్తం రెండు గణనల మధ్యనే జరిగి ముగిసింది. 1861 పుటలో ఆ వీధి నిండా నేతగాళ్లు, నూలు వడికేవాళ్లు, తెగిన పోగులు అతికే పిల్లలు ఉన్నారు. 1871 పుటలో మళ్లీ వాళ్లే ఉన్నారు. ఈ రెండు పుటలే చూస్తే ఏమీ జరగలేదనిపిస్తుంది. ముత్తవ్వ పెళ్లి చేసుకున్నది, మొదటి బిడ్డలను కన్నది ఆ నడిమి ఏళ్లలోనే.

నాకు ఈ పత్రాల్లో అన్నిటికన్నా విలువైనది 1911 నాటిది. ఆ ఏడు ఇంటివాళ్లు స్వయంగా నింపిన పత్రాన్నే దాచారు. పెళ్లై ఎన్నేళ్లయింది, ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమంది పోయారు అని వివాహిత స్త్రీలను అడిగారు. ముత్తవ్వ అప్పటికి భర్త పోయి కూతురి ఇంట్లో ఉంది. వితంతువులను ఆ ప్రశ్న అడగలేదు, అయినా ఆమె జవాబు చెప్పింది. తర్వాత అధికారులు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ గీత కింద అంకెలు స్పష్టంగా చదవవచ్చు: పుట్టినవారు 9, ఉన్నవారు 5, పోయినవారు 4. 1871 నుంచి 1901 వరకు ఉన్న గణనలన్నీ కలిపినా నాకు దొరికిన పిల్లలు ఆరుగురే. ముగ్గురు ఏ లెక్కలోకీ ఎక్కకుండానే, రెండు గణనల మధ్య పుట్టి పోయారు.

ఆ ముగ్గురిని జనన మరణాల రిజిస్టర్ల సూచికలో వెతికాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ నమోదు 1837 జూలై 1న మొదలైంది. జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వారి ఆన్‌లైన్ సూచికలో జననాలకు తల్లి పుట్టింటి ఇంటిపేరు, మరణాలకు వయసు మొదటి నుంచీ ఇచ్చారు. కూలివాళ్ల కుటుంబాలను వెతికేవారికి ఇది గొప్ప మేలు. భర్త ఇంటిపేరు, భార్య పుట్టింటి ఇంటిపేరు జంటగా పెట్టి ప్రెస్టన్ జిల్లాలో 1863 నుంచి వరుసగా చూస్తే ఆ ముగ్గురూ దొరికారు. ఒకరు 1865లో పుట్టి మరుసటి ఏడు పోయారు. ఒకరు 1873లో పుట్టిన మూడు నెలల లోపే పోయారు. ఒకరు 1877 నుంచి 1879 వరకు ఉన్నారు. నాలుగో బిడ్డ 1871 గణనలో మూడేళ్ల వయసుతో ఉండి 1881 నాటికి లేడు. అతని మరణం కూడా అదే సూచికలో ఉంది. ప్రెస్టన్ ఆ కాలంలో పసిపిల్లల మరణాలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న పట్టణాలలో ఒకటి. ముత్తవ్వ చెప్పిన అంకె అక్షరాలా నిజమైంది. చదువు రాని మనిషి, నలభై ఏళ్ల తర్వాత, అడగని ప్రశ్నకు తన బిడ్డలందరినీ లెక్క తప్పకుండా చెప్పింది.

1871 పుటలో ఇంకో విషయం ఉంది. ముత్తవ్వకు నేత పని రాసి ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, వాళ్లతోపాటు ఆమె తల్లి కూడా ఉంది. ఆమె తల్లికి మాత్రం వృత్తి గడి ఖాళీ. మిల్లు గంటల్లో పిల్లలను చూసుకున్నది ఆ పెద్దావిడే అయి ఉండాలి. ఈ ఖాళీ గడులు స్త్రీల విషయంలో ఎక్కువ. ఇంట్లో చేసిన కుట్టుపని, బట్టలు ఉతకడం, అద్దెవాళ్లకు వండిపెట్టడం వంటివి చాలాచోట్ల రాయనే లేదు.

ఇక వెతికే సౌకర్యం సంగతి. చందా కట్టే ఒక సైట్‌లో మా ఇంటిపేరు మొదటి అక్షరాన్నే తప్పుగా ఎక్కించడంతో 1881 పుట నాకు చాలాకాలం కనిపించలేదు. ఇంటిపేరు వదిలేసి, పిల్లలలో కాస్త అరుదైన పేరున్న ఒకరిని, వయసు, పుట్టిన ఊరితో కలిపి వెతికితే దొరికింది. జాన్, విలియం, మేరీ, ఎలిజబెత్ వీధికి పదిమంది ఉంటారు కాబట్టి ఇంట్లో అందరికన్నా వింతైన పేరున్న బిడ్డను పట్టుకోవడమే మేలు. అలాగే ఆ సైట్లు మన ముందుకు తోసే ఇతరుల వంశవృక్షాలను నేరుగా కలుపుకోవద్దు. వాటిలో మా కుటుంబాన్ని అదే పేర్లున్న మరో దంపతులతో కలిపేసినవి ఉన్నాయి. నేను రెండు ఇళ్లనూ విడదీసింది పక్క ఇళ్లవారిని చూసి. పుటను ముందుకూ వెనక్కూ తిప్పి వీధంతా చదివి, నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వారు ఉచితంగా పెట్టిన పాత ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటాల మీద ఆ వీధిని గుర్తించాక సందేహం తీరింది.

ఖర్చు విషయానికొస్తే చందా తప్పనిసరి కాదు. 1881 గణన సూచిక ఫ్యామిలీసెర్చ్ అన్న సైట్‌లో ఉచితం. గణనలకు ఫ్రీసెన్, జనన వివాహ మరణాలకు ఫ్రీబీఎండీ అన్న ఉచిత సూచికల సైట్లు స్వచ్ఛంద కార్యకర్తలు కట్టినవి. లాంకషైర్‌లో చర్చి రిజిస్టర్లను ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అన్న స్వచ్ఛంద బృందం వారు ఉచితంగా అందిస్తున్నారు. బ్రిటన్‌లోని చాలా ప్రజా గ్రంథాలయాల్లో పెద్ద చందా సైట్లను ఊరికే చూడవచ్చు. పత్రాలే దొరకని చోట్లూ ఉన్నాయి. మాంచెస్టర్ ప్రాంతపు 1851 పుస్తకాలు కొన్ని నీళ్లలో తడిసి పాడైతే అక్కడి కుటుంబ చరిత్ర సంఘం వారు కనిపించినంత మేర చదివి రాశారు. ఐర్లండ్‌లో పుట్టినవారికి చాలాసార్లు దేశం పేరు తప్ప ఊరు ఉండదు. ప్రెస్టన్‌లో అలాంటివారు ఎందరో.

భారతదేశంలో ఇలా వెతకాలనుకునే తెలుగువారు నన్ను అడుగుతుంటారు. మన జనాభా లెక్కల్లో ఇంటి వివరాలు చూసే వీలు లేదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ పత్రాలు తనిఖీకి ఇవ్వరు. ఇంగ్లండ్‌లో నూరేళ్లు నిండాక తెరుస్తారు.

ముత్తవ్వ తరం తర్వాతి పని ఇప్పుడు 1921 జూన్ 19 నాటి పత్రాలతో చేస్తున్నాను. అందులో యజమాని పేరు, పనిచేసే చోటు కూడా అడిగారు కాబట్టి ఆమె పిల్లలు ఏ మిల్లులో పనిచేశారో మొదటిసారి తెలిసింది. 1931 పత్రాలు 1942లో మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల గణనే జరగలేదు. 1939 సెప్టెంబర్ 29 నాటి జాతీయ రిజిస్టర్ ఒక్కటే ఆ మధ్యలో ఆధారం. 1951 గణన కోసం 2052 దాకా ఆగాలి. ఆన్‌లైన్‌లో చందా లేకుండా 1921 పత్రాలను లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చూడవచ్చు. ఆ సౌకర్యం దగ్గరలో ఉన్నవారు ముందుగా అక్కడికే వెళ్లమని నా సలహా.