బీబీఏలో ఎకనామిక్సా, బీఏ ఎకనామిక్సా?

ఇంటర్‌లో సీఈసీ చదివిన చాలామందికి డిగ్రీలో చేరేటప్పుడు ఈ సందేహం వస్తుంది.

బీబీఏలో ఎకనామిక్స్ సాధారణంగా ఒకటి రెండు పేపర్లే. ప్రశ్నలన్నీ కంపెనీ వైపు నుంచే. బిస్కెట్ ప్యాకెట్ ధర 10 రూపాయల నుంచి 12కి పెంచితే అమ్మకాలు 100 నుంచి 90కి పడ్డాయనుకోండి. ధర 20 శాతం పెరిగినా గిరాకీ తగ్గింది 10 శాతమే, అంటే డిమాండ్ వ్యాకోచత్వం (ధర మార్పుకి గిరాకీ ఎంత స్పందిస్తుందనే కొలత) 0.5. రాబడి 1,000 నుంచి 1,080కి పెరిగింది. మేనేజర్‌కి ఇది చాలు.

బీఏలో కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ పెంపు పన్ను వల్ల వచ్చిందైతే భారం కొనేవాడి మీద ఎంత, అమ్మేవాడి మీద ఎంత? అన్నిటి ధరలూ పెరుగుతుంటే రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పు మీద అది తీసుకునే వడ్డీ) ఎందుకు పెంచుతుంది? వీటికి గణితం, స్టాటిస్టిక్స్ కావాలి. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు సిలబస్ చూసుకునే చేరాలి. బీఏ అంటే తేలిక అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఉద్యోగాలా? డిగ్రీ అవగానే సేల్స్, బ్యాంకింగ్ వైపు వెళ్లాలంటే బీబీఏ నయం. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాలు) లాంటివి మనసులో ఉంటే పీజీ ఎలాగూ తప్పదు కాబట్టి నేనైతే బీఏనే చేయమంటాను.