రెడీమేడ్ యాప్ కోడ్ కొంటున్నారా? ముందు డేటాబేస్ తెరిచి చూడండి

ఖర్చులు రాసుకునే యాప్ ఒకటి పెడదామని రెడీమేడ్ సోర్స్ కోడ్ కొన్నాను. డేటా అంతా ఫైర్‌స్టోర్‌లో, అంటే గూగుల్ వాళ్ల క్లౌడ్ డేటాబేస్‌లో. డెమోలో స్క్రీన్లు ముచ్చటగా ఉన్నాయి, నేనూ అంతవరకే చూశాను. ఆ తప్పు నాదే.

కొన్నాళ్లకి, యాప్‌ని అందరికన్నా ఎక్కువగా వాడే ఒకాయనకి సేవ్ అవడం ఆగిపోయింది. కన్సోల్ (డేటాబేస్‌లో ఏముందో నేరుగా చూపించే పేజీ) తెరిస్తే గుండె జారింది. ఒక్కో యూజర్‌కి ఒకటే డాక్యుమెంట్ (ఫైర్‌స్టోర్‌లో ఒక రికార్డు లాంటిది), అందులో ఒక పెద్ద అర్రే, అంటే జాబితా, రాసిన ప్రతి ఖర్చూ అందులోకే. ఫైర్‌స్టోర్‌లో ఒక డాక్యుమెంట్ 10,48,576 బైట్లు దాటకూడదు. అంటే ఎంత శ్రద్ధగా రాసుకుంటే అంత త్వరగా యాప్ మొరాయిస్తుందన్నమాట!

పైగా ఆ డాక్యుమెంట్ ఐడీ యూజర్ ఈమెయిల్. ఒకావిడ ఈమెయిల్ మార్చుకోగానే లెక్కలన్నీ మాయమయ్యాయి. నిజానికి పాత ఈమెయిల్ కింద భద్రంగానే ఉన్నాయి, యాప్‌కే దారి తెలియలేదు. ఈమెయిల్ మారినా యూఐడీ (లాగిన్ వ్యవస్థ ఒక్కో యూజర్‌కి ఇచ్చే గుర్తింపు కోడ్) మారదు, దాన్నే వాడాల్సింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఎవరు ఏ డేటా చదవొచ్చో చెప్పే సెక్యూరిటీ రూల్స్ ప్రకారం, లాగిన్ అయి ఉంటే చాలు, ఎవరి డాక్యుమెంటైనా చదవొచ్చు. ఇతరుల లెక్కలు స్క్రీన్ మీద కనబడవు గానీ, సర్వర్ అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తుంది. ఐడీ ఈమెయిలే కాబట్టి వెతుక్కునే పని కూడా లేదు.

అమ్మినవాళ్లని అడిగితే, డెమోలో చూపించినవన్నీ పనిచేస్తున్నాయి కదా అన్నారు. డబ్బు తిరిగి రాలేదు.

ఇప్పుడు నేనే తిరగరాస్తున్నాను. యూఐడీ పేరుతో ఒక డాక్యుమెంట్, దాని కింద ఖర్చుల సబ్‌కలెక్షన్ (లోపలి డాక్యుమెంట్ల గుంపు), ఒక్కో ఖర్చుకీ ఒక్కో డాక్యుమెంట్. డాక్యుమెంట్ చిరునామాలోని యూఐడీ, లాగిన్ అయినవాళ్ల యూఐడీ ఒకటైతేనే చదవనిచ్చేలా రూల్. చదివిన ప్రతి డాక్యుమెంటూ ఛార్జీల లెక్కలోకి వస్తుంది కనుక ఒక్కో నెలవే తెప్పిస్తున్నాను. ఇంకోటి, పై డాక్యుమెంట్ చెరిపేసినంత మాత్రాన కింది సబ్‌కలెక్షన్ చెరిగిపోదు. ఖాతా తీసేసినవాళ్ల డేటాని విడిగా చెరపాలి.

మీరు కొనేముందు రెండు ఖాతాలతో డేటా ఎక్కించి, కన్సోల్‌లో అది ఎలా కూర్చుందో చూపించమనండి. రూల్స్ ఫైల్ కూడా అడగండి. కొన్నాక ఇస్తామంటే నేనైతే కొనను.