స్కాలర్‌షిప్ ఇప్పిస్తామంటే ముందుగా డబ్బు కట్టకండి: మా అమ్మాయి ఎం.ఎస్సీ. ఫైనాన్స్ విషయంలో జరిగింది

పిల్లలను ఫైనాన్స్ చదువుకు బ్రిటన్ పంపించే ప్రయత్నంలో ఉన్న తల్లిదండ్రులందరికీ నా మనవి ఒకటే. "స్కాలర్‌షిప్ మేము ఇప్పిస్తాం, ప్రాసెసింగ్ ఛార్జీ కట్టండి" అనే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి ఇచ్చే ముందు ఇది పూర్తిగా చదవండి. మేము 85,000 రూపాయలు పోగొట్టుకున్నాం. అంతకంటే బాధ కలిగించేది, మా అమ్మాయికి నాలుగు నెలల కాలం చేజారిపోవడం.

మాది హనుమకొండ. 2024లో అమ్మాయి బి.కాం. పూర్తి కావస్తుండగా హైదరాబాదు అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ట్యూషన్ ఫీజు 19,500 పౌండ్లనీ, తమ ద్వారా వెళితే యాభై శాతం స్కాలర్‌షిప్ వస్తుందనీ, అంటే 9,750 పౌండ్లు కడితే చాలనీ అక్కడి కౌన్సెలర్ కాగితం మీద లెక్కవేసి చూపించారు. ఆ లెక్కను నమ్మి ఆ 85,000 కట్టాం, ఆ లెక్క ప్రకారమే బ్యాంకులో విద్యారుణానికి దరఖాస్తు చేశాం.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు నేను మొదటి పేజీ చూసి సంతోషపడి ఊరుకున్నాను. రెండో పేజీలో, ఫీజు పట్టిక కింద, అంతర్జాతీయ విద్యార్థులకు 3,000 పౌండ్ల తగ్గింపు అని ఒకే ఒక వరుస ఉంది. అడిగితే, ఇది మొదటి విడత మాత్రమేనని, మిగతాది క్యాస్ (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ) వచ్చేనాటికి కలుస్తుందని కౌన్సెలర్ చెప్పారు. ఆగస్టు చివరలో వచ్చిన క్యాస్‌లో ఫీజు 16,500 పౌండ్లని స్పష్టంగా ఉంది. అప్పుడు అమ్మాయి స్వయంగా విశ్వవిద్యాలయ అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాసింది. ఆ తగ్గింపు విదేశాల నుంచి వచ్చే ప్రతి విద్యార్థికీ వర్తిస్తుందని, దానికి వేరే దరఖాస్తు గానీ రుసుము గానీ లేదని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అందరికీ ఉచితంగా దక్కేదానికే మేము 85,000 చెల్లించాం.

తక్కువ పడిన 6,750 పౌండ్లు, అంటే ఏడు లక్షల రూపాయల పైచిలుకు, అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తేవాలి? రుణం పెంచాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలని బ్యాంకువారు అన్నారు. మా ఆవిడ నగలు కుదువపెట్టి డబ్బు తెచ్చి ఖాతాలో వేశాం. అయితే బ్రిటన్ విద్యార్థి వీసాకు మన ఖాతాలో చూపించే సొమ్ము వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. ఆ గడువు నిండేసరికి తరగతులు మొదలై, చేరడానికి ఇచ్చిన ఆఖరు తేదీ కూడా దాటిపోయింది. తోటి పిల్లలు విమానం ఎక్కుతుంటే మా అమ్మాయి ఇంట్లో కూర్చుని 2025 జనవరి ఇన్‌టేక్ (తరువాతి విడత ప్రవేశాలు) కోసం ఎదురుచూసింది. ఆ రోజుల్లో దాని ముఖం చూడలేకపోయేవాణ్ణి.

డబ్బు తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్లినప్పుడు మా రసీదునే మాకు చూపించారు. అందులో స్కాలర్‌షిప్ అనే మాటే లేదు. "సర్వీసు ఛార్జీ, తిరిగి చెల్లించబడదు" అని మాత్రమే ఉంది. కట్టిన రోజున ఆ రసీదును మడిచి జేబులో పెట్టుకున్నానే తప్ప చదవలేదు. అది నా పొరపాటే.

అసలైన స్కాలర్‌షిప్‌ల తీరు ఇలా ఉండదని తరువాత తెలుసుకున్నాను. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్‌కు దరఖాస్తు ఉచితం, ఏడాది మాస్టర్స్‌కు ఫీజుతో పాటు నివాస ఖర్చులూ ఇస్తారు. కాని దానికి రెండేళ్ల ఉద్యోగానుభవం తప్పనిసరి. అప్పుడే డిగ్రీ ముగిస్తున్న మా అమ్మాయికి "చీవెనింగ్ కూడా ప్రయత్నిద్దాం" అని కౌన్సెలర్ అన్నప్పుడే మాకు అనుమానం రావలసింది. బ్రిటన్‌లో చదువుకు ఇచ్చే 'గ్రేట్' అనే స్కాలర్‌షిప్ కింద కనీసం 10,000 పౌండ్లు ఫీజులో తగ్గుతాయి. అందులో పాల్గొనే విశ్వవిద్యాలయాలకే విద్యార్థి నేరుగా దరఖాస్తు చేసుకోవాలి. 1892 నుంచి ఉన్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్, అంటే తిరిగి తీర్చవలసిన సొమ్ము. తెలంగాణ ప్రభుత్వపు విదేశీ విద్యానిధి కింద అర్హులైన వెనుకబడిన తరగతుల విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు వస్తాయి, దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైటులోనే. నా జీతం ఆదాయ పరిమితిని మించడం వల్ల అది మాకు వర్తించలేదు. సి.ఎఫ్.ఏ. (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) పరీక్షల శిక్షణకూ స్కాలర్‌షిప్ ఉందంటూ కన్సల్టెన్సీవారు మరో 25,000 అడిగారు కాని అది మేము కట్టలేదు. సి.ఎఫ్.ఏ. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఫీజు రాయితీలకు అభ్యర్థులు ఆ సంస్థ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేసుకుంటారు.

కన్సల్టెన్సీలన్నీ మోసం చేస్తాయని నేను అనను. చాలా వాటికి విద్యార్థి చేరినప్పుడు విశ్వవిద్యాలయమే కమీషన్ ఇస్తుంది. అటువంటప్పుడు మన దగ్గర వేరుగా ఎందుకు వసూలు చేస్తున్నారో ముఖాముఖి అడగండి. తగ్గింపు ఎంతన్నది ఆఫర్ లెటర్‌లో అంకెల్లో చూసుకున్న తరువాతే రుణం లెక్క వేసుకోండి. అనుమానం వస్తే, విశ్వవిద్యాలయ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మీ పిల్లల చేతనే మెయిల్ రాయించండి. కన్సల్టెన్సీవారు ఇచ్చిన చిరునామాకు కాదు.

ఇప్పటికే కట్టి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి; మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. మేము హనుమకొండలోనే వేశాం, ఇంకా నడుస్తోంది. మా చేతిలో ఉన్న గట్టి ఆధారం కౌన్సెలర్ తన చేతిరాతతో 9,750 అని లెక్కవేసిన ఆ చిన్న కాగితం. అమ్మాయి దాన్ని పుస్తకంలో దాచి ఉంచడం వల్ల దొరికింది. మీరు డబ్బు కట్టేటప్పుడు ఏ పనికి కడుతున్నారో, ఆ పని కాకపోతే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి. రాయబోమంటే ఆ డబ్బు వెనక్కి జేబులో పెట్టుకుని లేచి రండి.